కాదనే డేటాబేస్: డైరీ పుటలు

జూన్ 10, 2024, సోమవారం

వేసవి సెలవుల తర్వాత కాలేజీలో మొదటి రోజు. రెండో ఏడాది పిల్లలకు డేటాబేస్ పేపరు ఈసారి నాకే వచ్చింది. మధ్యాహ్నం హెచ్‌ఓడీ మేడమ్ పిలిచారు. ఆగస్టు రెండో వారంలో ల్యాబ్ సిస్టమ్‌లన్నీ ఫార్మాట్ చేయిస్తున్నారట. నా పేపరుకు ఏం వెయ్యాలో ఆలోగా రాసిమ్మన్నారు. ఒకసారి వేశాక మళ్లీ అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరి చేతికీ రాదు. ఇప్పుడు రాసిచ్చేదానితోనే మార్చి దాకా నెట్టుకురావాలి.

ఇన్నాళ్లూ మా ల్యాబ్‌లో ఉన్నది ఒరాకిల్ 11జీ ఎక్స్‌ప్రెస్ ఎడిషన్. ఉచితంగా ఇచ్చేదే అయినా గట్టి సరుకు, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ మొదటి ల్యాబ్ ఎలా గడుస్తుందో తెలుసు. పిల్లలు ఉత్సాహంగా వచ్చి కూర్చుంటారు. ఒక సిస్టమ్‌లో లిజనర్ లేదంటుంది, పక్కదాంట్లో ప్రోటోకాల్ అడాప్టర్ ఎర్రర్ అంటుంది. ఎవరో కంప్యూటర్ పేరు మార్చి ఉంటారు, అక్కడ లిజనర్ లేవనే లేవదు. జావా క్లాసు వాళ్ల టామ్‌క్యాట్ 8080 పోర్టులో కూర్చుని ఉంటుంది, ఒరాకిల్ వెబ్ పేజీకీ అదే పోర్టు కావాలి. ల్యాబ్ అసిస్టెంటు సర్వీసెస్ విండో తెరుచుకుంటూ ఒక్కో సిస్టమ్ దగ్గరా వంగి నిలబడతాడు. పీరియడ్ అయిపోతుంది. టేబుల్ అంటే ఏమిటో చూడకుండానే పిల్లలు బస్సెక్కుతారు. ఈ పేపరు కష్టమన్న మాట ఆ సాయంత్రమే పుడుతుంది.

ఆ సాయంత్రం ఈ ఏడాది రాకూడదు.

జూన్ 12, బుధవారం

కాడ్ 1970లో రాసిన వ్యాసం మళ్లీ చదివాను. ఐబీఎం శాన్ హోసే పరిశోధనశాలలో ఉండగా రాసింది, అచ్చులో పదకొండు పేజీలే. ఆనాటి ప్రోగ్రామర్‌కు ఒక చిన్న జవాబు కావాలన్నా, డిస్కు మీద ఏ రికార్డు దేనికి కట్టి ఉందో, ఏ దారిన వెళితే దేన్ని చేరతామో తెలిసి ఉండాలి. ఆ అమరిక మారితే ప్రోగ్రామూ మార్చుకోవాలి. ఆ భారం మనిషి మీద పడకూడదన్నది కాడ్ పట్టుదల. డేటాను టేబుళ్లుగా చూపించండి, లోపలి సంగతి యంత్రం చూసుకుంటుంది అన్నాడు. 1974లో అదే ఐబీఎంలో చాంబర్లిన్, బాయిస్ కలిసి ఆ టేబుళ్లను అడిగే భాష తయారుచేశారు. అదే ఇవాళ్టి ఎస్‌క్యూఎల్. బాయిస్ ఆ ఏడాదే చనిపోయాడు, ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. మా పిల్లలు అతని పేరును బీసీఎన్‌ఎఫ్‌లో మొదటి అక్షరంగా మాత్రమే ఎరుగుదురు. ఈసారి క్లాసులో అతని గురించి రెండు మాటలు చెప్పాలి.

చదువుతుంటే మా ల్యాబే కళ్లముందు ఉంది. లోపలి అమరిక తెలియకుండా డేటాను అడగగలగడం కోసమే పుట్టిన సిద్ధాంతాన్ని, 1521 పోర్టు, లిజనర్, సర్వీసు పేరు కంఠతా పట్టిస్తే గానీ మొదలుపెట్టలేకపోతున్నాం. మొదటి పనిముట్టుకు నేను పెట్టే మొదటి షరతు దొరికింది: పిల్లవాడికీ టేబుల్‌కీ మధ్య అడ్డం తక్కువ ఉండాలి.

జూన్ 15, శనివారం

ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్‌ను ఇంటి లాప్‌టాప్‌లో కాకుండా కావాలనే ల్యాబ్‌లోని పాత సిస్టమ్‌లో, 4 జీబీ ర్యామ్ ఉన్నదాంట్లో పెట్టి చూశాను. ఇన్‌స్టాల్ అంటూ ఏమీ లేదు. పెన్‌డ్రైవ్‌లోంచి ఒక చిన్న ప్రోగ్రామ్ కాపీ చేశాను, తెరిచాను, టేబుల్ చేశాను. అడ్మిన్ పాస్‌వర్డ్ అడగలేదు. సర్వర్ లేదు, యూజర్ లేడు, పోర్టు లేదు. డేటాబేస్ మొత్తం ఒకే ఫైలు, పిల్లలు దాన్ని వాట్సాప్‌లో పంపుకోవచ్చు.

దీని పుట్టుక కూడా మా ల్యాబ్ కష్టంలాంటి కష్టంలోంచే. రిచర్డ్ హిప్ అమెరికా నౌకాదళపు యుద్ధనౌక కోసం ఒక ప్రోగ్రామ్ మీద పనిచేస్తుండేవాడు. వెనకాల డేటాబేస్ సర్వర్ పడిపోయినప్పుడల్లా ఆ ప్రోగ్రామ్ చేతులెత్తేసేది. సర్వర్ అవసరమే లేకుండా ఫైలునే నేరుగా చదివితే పోలేదా అని 2000లో ఇది మొదలుపెట్టాడు. ఎవరి హక్కూ లేకుండా జనానికి వదిలేశాడు. ఇవాళ ప్రతి ఆండ్రాయిడ్ ఫోనులోనూ ఇది ఉంది. పిల్లల జేబుల్లో ఉన్న కాంటాక్టులూ వాట్సాప్ సంభాషణలూ దీంట్లోనే దాగి ఉంటాయి. ఈ మాట మొదటి క్లాసులో చెప్పాలి. డేటాబేస్ అంటే బ్యాంకులో ఎక్కడో ఉండేదనుకునే పిల్లలకు అది తమ చేతిలోనే ఉందని తెలియాలి.

చాలా సంతోషంగా ఇంటికొచ్చాను.

జూన్ 16, ఆదివారం

నిన్నటి సంతోషాన్ని ఇవాళ పరీక్షకు పెట్టాను. పిల్లలు మామూలుగా చేసే తప్పులన్నీ వరసగా చేసుకుంటూ పోయాను. వయసు అనే ఇంటిజర్ కాలమ్‌లో 'ఇరవై' అని అక్షరాల్లో రాశాను. పుచ్చుకుంది. లేని డిపార్ట్‌మెంట్ నంబరు వేసి ఉద్యోగిని చేర్చాను. ఫారిన్ కీ రాసి ఉన్నా మాట్లాడకుండా చేర్చుకుంది. ఫిబ్రవరి 31 అని తేదీ ఇచ్చాను, అదీ దాచిపెట్టుకుంది. డిపార్ట్‌మెంట్‌వారీగా జీతాల సగటు అడుగుతూ, గ్రూప్ బైలో లేని ఉద్యోగి పేరు కూడా సెలెక్ట్‌లో రాశాను. ప్రతి డిపార్ట్‌మెంట్‌కూ ఎవరో ఒకరి పేరు పక్కన పెట్టి, చక్కటి జవాబులా చూపించింది. మొహమాటానికి అన్నిటికీ సరేననే చుట్టం ఇది.

వీటికి కారణాలున్నాయి. కాలమ్ రకం విషయంలో పట్టువిడుపు ఉండటం సుగుణమేనని దాన్ని తయారుచేసినవాళ్ల అభిప్రాయం. ఫారిన్ కీ తనిఖీ 2009లో వచ్చింది. అంతకు ముందు రాసిన ప్రోగ్రామ్‌లు ఆగిపోకూడదని దాన్ని మామూలుగా ఆపి ఉంచుతారు, కనెక్షన్ తెరిచిన ప్రతిసారీ ప్రాగ్మా రాసి లేపాలి. తేదీ అనే రకమే దాంట్లో లేదు. ఇవన్నీ తెలిసినవాడి చేతిలో ఇబ్బంది లేదు. నేర్చుకుంటున్నవాడి సంగతి అలా కాదు. వాడు తప్పు రాశాడు, జవాబు వచ్చింది, కాబట్టి రాసింది ఒప్పు అనుకుంటాడు. గ్రూప్ బై గురించి అలా ఒకసారి కుదురుకున్న అపోహను తర్వాత నేను ఎన్ని బోర్డుల నిండా రాసినా తీసెయ్యలేను.

2021 నవంబరులో వచ్చిన 3.37 నుంచీ టేబుల్ చివర స్ట్రిక్ట్ అని రాస్తే రకాల విషయంలో గట్టిగా ఉంటుంది. రాసి చూశాను, 'ఇరవై'ని తిప్పికొట్టింది. కానీ స్ట్రిక్ట్ అంటే వర్చార్, డేట్ లాంటి మాటలు చెల్లవు. ఇంట్, ఇంటిజర్, రియల్, టెక్స్ట్, బ్లాబ్, ఎనీ, ఇవే. మా సిలబస్‌లో మొదటి ప్రయోగమే వర్చార్‌తో మొదలవుతుంది.

రెండో షరతు ఇవాళ రాసుకుంటున్నాను, మొదటిదానికన్నా ఇదే పెద్దది: తప్పును కాదనాలి, ఎందుకు కాదంటోందో చెప్పాలి.

జూన్ 22, శనివారం

వెబ్ టెక్నాలజీ చెప్పే సార్ స్టాఫ్‌రూమ్‌లో దొరికారు. ఆయన మాట సూటిగానే ఉంది. "మేడమ్, నాకెలాగూ ఎక్సాంప్ వేయిస్తున్నారు. దాంట్లో మైఎస్‌క్యూఎల్ ఉంది, పీహెచ్‌పీమైఅడ్మిన్ ఉంది. పిల్లలు బటన్లు నొక్కి టేబుల్ చేసుకుంటారు, కింద ఎస్‌క్యూఎల్ కూడా కనిపిస్తుంది. ఇంకోటెందుకు?"

అందులో నిజముంది. ఒకే సాఫ్ట్‌వేర్ రెండు పేపర్లకు సరిపోతే పాత సిస్టమ్‌లకూ మేలే. కూర్చుని చూశాను. ఎక్సాంప్ ప్యానెల్ మీద మైఎస్‌క్యూఎల్ అని ఉన్నా లోపల నడిచేది మరియాడీబీ. మైఎస్‌క్యూఎల్ చేసిన మాంటీ విడేనియస్ పెద్దకూతురు మై పేరు దానికి పెట్టాడు. ఆ కంపెనీని 2008లో సన్ కొంది, 2010లో సన్‌ను ఒరాకిల్ కొంది. ఆ కొనుగోలు నడుస్తుండగానే ఆయన విడిగా ఇంకో శాఖ మొదలుపెట్టి చిన్నకూతురు మరియా పేరు పెట్టాడు.

కిందటి ఆదివారం చేసిన తప్పులనే మళ్లీ ఇచ్చాను. మా ల్యాబ్‌లో ఉన్న సెట్టింగ్‌లో స్ట్రిక్ట్ మోడ్ లేదు. 'ఇరవై'ని సున్నా చేసి దాచుకుంది. ఫిబ్రవరి 31ని అన్నీ సున్నాలున్న తేదీగా మార్చింది. హెచ్చరిక ఇచ్చింది, నిజమే, కానీ ఒక మూల చిన్న అక్షరాల్లో. పిల్లలు ఆ మూలకు చూడరు. గ్రూప్ బై తప్పును మరియాడీబీ మామూలుగా ఒప్పుకుంటుంది. మైఎస్‌క్యూఎల్ అసలుదైతే 5.7 నాటినుంచీ ఒప్పుకోదు. చెక్ సంగతి ఇంకా బాధ కలిగించింది. 2019లో 8.0.16 వచ్చేదాకా మైఎస్‌క్యూఎల్‌లో చెక్ రాస్తే తప్పనేది కాదు, పట్టించుకునేదీ కాదు. ఎంతమంది పిల్లలు చెక్ రాసి, మార్కులు తెచ్చుకుని, అది పనిచేస్తుందో లేదో ఎన్నడూ చూడకుండా పాసైపోయి ఉంటారో.

బటన్ల మీద నాకు ద్వేషం లేదు. అయితే బటన్ నొక్కినప్పుడు అది రాసిన ఎస్‌క్యూఎల్‌ను పిల్లవాడు చదవడు. పని అయిపోయిందిగా. మొదటి నెల చేత్తో రాయించాలి, తప్పులు తన వేళ్లకు తెలియాలి.

సార్‌కి ఈ మాటలే చెప్పాను. కాసేపు ఆలోచించి, "మీరు చెప్పినట్టు స్ట్రిక్ట్ మోడ్ నా ల్యాబ్‌లో కూడా పెట్టిస్తాను" అన్నారు. చాలా ఆనందం వేసింది.

జూన్ 29, శనివారం

పోస్ట్‌గ్రెస్ రోజు. బర్క్లీలో స్టోన్‌బ్రేకర్ 1986లో మొదలుపెట్టిన ప్రాజెక్టు, 1996 నుంచి ఇప్పటి పేరుతో. ఆయనకు 2014 ట్యూరింగ్ అవార్డు వచ్చింది. కాడ్‌కు 1981లోనే వచ్చింది.

అవే తప్పులు ఇచ్చాను. ఒక్కటీ ఒప్పుకోలేదు. పిల్లవాడు దాన్నుంచి ఏం నేర్చుకోగలడన్నది చూడటానికి, అది కాదన్న తీరును కాగితం మీద రాసుకున్నాను. 'ఇరవై' ఇంటిజర్‌గా చెల్లదంటూ ఆ మాటనే ఎత్తి చూపించింది. ఫిబ్రవరి 31 హద్దు దాటిందంది. ఫారిన్ కీ దగ్గర, ఫలానా విలువ డిపార్ట్‌మెంట్ టేబుల్‌లో లేదని విలువతో సహా చెప్పింది. ఉద్యోగి పేరు గ్రూప్ బైలో ఉండాలి, లేదా సమ్, యావరేజ్ లాంటి ఫంక్షన్‌లో ఉండాలి అని పాఠం చెప్పినట్టే చెప్పింది. కాలమ్ పేరు ఒక అక్షరం తప్పు రాస్తే, మీ ఉద్దేశం ఇదా అని అసలు పేరు అందించింది. తప్పు ఎక్కడుందో కింద బాణపు గుర్తు పెట్టింది.

అదే గ్రూప్ బై తప్పుకు ఒరాకిల్ కూడా కాదంటుంది. ఓఆర్ఏ-00979, గ్రూప్ బై ఎక్స్‌ప్రెషన్ కాదు, అంతే. మా 11జీలో ప్రైమరీ కీ రెండుసార్లు పడితే ఎస్‌వైఎస్ అంటూ మొదలయ్యే ఒక అంకెల పేరు చెప్పి ఊరుకుంటుంది. ఏ వరస, ఏ విలువ అన్నది మనమే వెతుక్కోవాలి. మైఎస్‌క్యూఎల్ సింటాక్స్ తప్పులకు మాన్యువల్ చూసుకోమంటుంది. తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లకు ఆ వాక్యం ఒక గోడ. ఎర్రర్ మెసేజ్ చదవడాన్ని సిలబస్‌లో ఎక్కడా పాఠంగా రాయలేదు. నేను రెండు పీరియడ్లు దానికే పెడతాను.

ఇబ్బందులూ రాసుకోవాలి. పీజీఅడ్మిన్ మా 4 జీబీ సిస్టమ్‌ల మీద బరువుగా తెరుచుకుంటోంది. సర్వర్ మాత్రం తేలిగ్గానే నడుస్తోంది. ప్రతి సిస్టమ్‌లోనూ వెయ్యకుండా, కాస్త మంచి సిస్టమ్ ఒకదాంట్లో సర్వర్ పెట్టి, ఒక్కొక్కరికీ వేరు యూజర్, వేరు స్కీమా ఇస్తే సరిపోతుంది. లిజనర్ గొడవ మళ్లీ వస్తుందా? ఒక్కచోటే వస్తుంది, అదీ నేను ముందురోజు చూసుకోగలను.

జులై 6, శనివారం

కిందటేడు డిగ్రీ పూర్తిచేసిన ఇద్దరు సర్టిఫికెట్ల కోసం వచ్చారు. హైదరాబాద్ అమీర్‌పేటలో కోచింగ్‌లో ఉన్నారు. "మేడమ్, అక్కడ మొదటిరోజు ఎంప్, డెప్ట్ టేబుళ్లతోనే మొదలుపెట్టారు. మాకు అప్పటికే తెలుసు కదా, ధైర్యం వచ్చింది" అన్నారు.

ఒరాకిల్‌లో ఆ టేబుళ్లు ఉండే ఖాతా స్కాట్, టైగర్. ఒరాకిల్ తొలి ఉద్యోగుల్లో ఒకడైన బ్రూస్ స్కాట్ పేరు యూజర్‌గా, వాళ్ల పిల్లి పేరు పాస్‌వర్డ్‌గా నిలిచిపోయిన సంగతి కంప్యూటర్ పిల్లలందరికీ చేరింది. ఆ టేబుళ్లను ఎంత ఆలోచించి కట్టారో మాత్రం అంతగా చెప్పుకోరు. ఎంప్‌లో పద్నాలుగు వరసలే, మొత్తం కంటికి ఆనుతుంది. క్వెరీ ఇచ్చిన జవాబును వేలితో లెక్కపెట్టి సరిచూసుకోవచ్చు. కింగ్‌కు పైన మేనేజర్ లేడు, కాబట్టి సెల్ఫ్ జాయిన్‌లో అతను మాయమవుతాడు. డెప్ట్‌లో 40వ నంబరు ఆపరేషన్స్, బోస్టన్‌లో, అక్కడ ఒక్క ఉద్యోగీ లేడు. అవుటర్ జాయిన్ చెప్పడానికి అంతకన్నా ఏం కావాలి. కమిషన్ కాలమ్‌లో ఎలెన్‌కు 300, వార్డ్‌కు 500, మార్టిన్‌కు 1400, టర్నర్‌కు సున్నా, మిగతా పదిమందికీ నల్. సగటు అడిగితే 550 వస్తుంది. నాలుగుతో భాగించింది, పద్నాలుగుతో కాదు. టర్నర్ సున్నా లెక్కలోకి వచ్చింది, మిగతావాళ్ల ఖాళీ రాలేదు. సున్నాకూ ఖాళీకీ ఉన్న తేడా బోర్డు మీద ఎంత చెప్పినా ఎక్కదు, ఆ 550ని చేత్తో సరిచూసుకున్నాక ఇక మర్చిపోరు.

సాఫ్ట్‌వేర్ ఏది ఎంచుకున్నా ఎంప్, డెప్ట్ ఉండి తీరాలి. అయితే డల్లాస్, షికాగో, సేల్స్‌మన్ మా పిల్లల ఎరుకలో లేని లోకం. దాంట్లో ఏది తప్పో ఏది ఒప్పో వాళ్లు తమంతట వాదించలేరు. వాళ్లకు నాకన్నా బాగా తెలిసిన లోకంలోంచి ఇంకో టేబుల్ కావాలి.

జులై 14, ఆదివారం

అక్కావాళ్ల ఊరెళ్లాను. బావ ఊళ్లో పాల కేంద్రం నడుపుతాడు. సాయంత్రం పాలు పోసే వేళకు వెళ్లి ఒక పక్కన కూర్చున్నాను.

"ఏమ్మాయ్, సెలవునాడు కూడా నీకు లెక్కలేనా?"

"నీ లెక్కలే మా పిల్లలకు పాఠం, బావా."

ఒక్కో రైతుకూ ఒక నంబరు. క్యాను వంచుతారు, లీటర్లు చూస్తారు, కొంచెం శాంపిల్ తీసి ఫ్యాటు మిషన్‌లో పెడతారు. ఫ్యాటు, ఎస్‌ఎన్‌ఎఫ్ రెండూ చూసి రేటు కడుతుంది. స్లిప్పు వస్తుంది. పదిహేను రోజులకోసారి బిల్లు. చూస్తుండగానే టేబుళ్లు వాటంతటవే విడిపోయాయి. రైతులు ఒకటి, రోజువారీ పాలు ఒకటి, రేట్లు ఒకటి. లీటర్లూ ఫ్యాటూ ఉంటే సొమ్ము లెక్క కట్టుకోవచ్చు కదా, దాన్ని మళ్లీ టేబుల్‌లో రాయాలా వద్దా? నార్మలైజేషన్ అక్కడే మొదలవుతుంది. రాయకపోతే, రేటు మారాక పాత బిల్లు ఎలా కడతాం? అదీ అక్కడే ఉంది.

బావ మనవడు అంతా ఎక్సెల్‌లో పెట్టాడు. చూశాను. పదహారంకెల బ్యాంకు ఖాతా నంబర్లలో చివరి అంకె సున్నా అయిపోయి ఉంది. ఎక్సెల్ పదిహేను అంకెలకు మించి గుర్తుపెట్టుకోదు, మాటమాత్రం చెప్పకుండా చివరిది సున్నా చేస్తుంది. ఖాతా నంబరు మీద కూడికలు చెయ్యం కాబట్టి అది సంఖ్య కాదు, టెక్స్ట్ అని కుర్రాడికి చెప్పి, పాస్‌బుక్కులు తెప్పించి సరిచేయించాను. పిల్లలకిచ్చే డేటాలో మాత్రం ఖాతా నంబర్లు, ఆధార్, అసలు రైతుల పేర్లు ఏవీ ఉండవు. అన్నీ కల్పించి పెడతాను.

కొంతమంది ఒకే పూట రెండు క్యాన్లు తెస్తున్నారు, ఆవుపాలు వేరు, గేదెపాలు వేరు. రైతు నంబరు, తేదీ, పూట, ఈ మూడూ కలిస్తే ప్రైమరీ కీ అని పిల్లలకు ఇస్తాను. పాల రకం సంగతి నేను ఎత్తను. వాళ్లలో ఎవరు పట్టుకుంటారో చూడాలి.

జులై 20, శనివారం

ఇవాళ ల్యాబ్. సిస్టమ్‌లు ఇంకా ఫార్మాట్ కాలేదు కాబట్టి ఎస్‌క్యూలైట్‌తోనే చేయించాను. స్ట్రిక్ట్ పెట్టి, ఫారిన్ కీ ప్రాగ్మా మొదటి వాక్యంగా రాయించి. పీరియడ్ మొదలైన కాసేపటికే అందరి ముందూ టేబుల్ ఉంది.

ఒకడు ఫ్యాటు 6.8 బదులు 68 కొట్టాడు. 2 నుంచి 12 లోపే ఉండాలని చెక్ రాయించాను, వెనక్కి కొట్టింది. "మేడమ్, తీసుకోవట్లేదు" అన్నాడు. "ఎందుకు తీసుకోవట్లేదో అదే చెప్పింది, చదువు నాన్నా" అన్నాను. చదివాడు, తనే నవ్వుకుని దిద్దుకున్నాడు.

కిటికీ పక్క కూర్చునే అమ్మాయి చెయ్యెత్తింది. యూనిక్ కన్‌స్ట్రెయింట్ ఫెయిల్డ్ అని వచ్చింది. "మేడమ్, నా తప్పేం లేదు. ఇదే తప్పు. మేం పొద్దున పూట రెండు క్యాన్లు పోస్తాం. ఒకటి ఆవుది, ఒకటి గేదెది."

ల్యాబ్ మొత్తం అటు తిరిగింది. కీలో పాల రకం కూడా చేర్చాలని ఇద్దరు ముగ్గురు ఒకేసారి అన్నారు. వెనక వరసలో కుర్రాడు, "స్లిప్పు నంబరునే కీ చేస్తే గొడవుండదు కదా మేడమ్" అన్నాడు. ఆ అమ్మాయే జవాబిచ్చింది: "అప్పుడు ఒకే పాలు రెండు స్లిప్పుల మీద రాసేసినా తీసుకుంటుంది. డబ్బులు రెండుసార్లు పోతాయి." సర్రోగేట్ కీ అనే మాట నేనింకా చెప్పలేదు. దాని మంచీ చెడూ రెండూ వాళ్లే తేల్చేశారు. మరిచిపోయిన చెంబు పాలు మళ్లీ తెచ్చి పోస్తే ఏం చేస్తారని ఇంకొకరు అడిగారు. క్లాసులోంచే బావకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. "పాత స్లిప్పులోనే కలిపి దిద్దుతాం" అన్నాడు. అంటే ఇన్సర్ట్ కాదు, అప్‌డేట్. స్లిప్పు నంబరు ప్రైమరీ కీ, మిగతా నాలుగింటి మీద కలిపి యూనిక్ అని క్లాసే నిర్ణయించింది.

ఇదంతా జరిగింది డేటాబేస్ ఆ రెండో క్యాన్‌ను కాదన్నందువల్ల. ఒప్పుకుని ఉంటే ఆ అమ్మాయి నోరు తెరిచేది కాదు, నేను బోర్డు మీద కాంపోజిట్ కీ నిర్వచనం రాసి పోయేదాన్ని. కాదన్నందుకే ఆమె తన ఇంటి సంగతి చెప్పింది.

జులై 28, ఆదివారం

పేర్లు తెలుగులో పెడతామని పిల్లలు అడిగారు. ఎందుకు వద్దనాలి? అన్నిటిలోనూ పెట్టి చూశాను.

'లక్ష్మి' అని రాసి పొడవు అడిగితే పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూలైట్ 7 అన్నాయి. మనం పలికేది రెండక్షరాలు. యూనికోడ్‌లో ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి, మొత్తం ఏడు. యూటీఎఫ్-8లో ఒక్కోదానికీ మూడు బైట్లు, 21. మైఎస్‌క్యూఎల్‌లో లెంగ్త్ అంటే 21 ఇస్తుంది, క్యార్ లెంగ్త్ అంటే 7. ఒరాకిల్‌లో వర్చార్2(20) అని రాస్తే, సెట్టింగ్ మార్చకపోతే ఆ 20 బైట్ల లెక్క. ఒక లక్ష్మి పట్టదు! మన పిల్లలు ఆ ఎర్రర్ చూసి తెలుగు కంప్యూటర్‌కు పనికిరాదనుకుంటారు. తెలుగు తప్పేమీ లేదు, డబ్బా కొలత బైట్లలో వేశారని చూపించాలి. డేటా రకాల పాఠం ఈసారి దీంతోనే మొదలుపెడతాను. నల్లటి కమాండ్ విండోలో తెలుగు సరిగ్గా కనపడదు కాబట్టి ఆ పాఠానికి డీబీవర్ లాంటిది ఒకటి ఉండాలి. అన్ని డేటాబేస్‌లకూ అదే పనిచేస్తుంది, పిల్లలు కిటికీ మార్చుకోనక్కర్లేదు.

ఆగస్టు 5, సోమవారం

ల్యాబ్ అయ్యాక ఒక కుర్రాడు ఆగాడు. "మేడమ్, ఇంట్లో ప్రాక్టీస్ చెయ్యమంటున్నారు. నాకు ఫోన్ తప్ప ఏం లేదు." చేతులెత్తమంటే క్లాసులో సగానికి పైగా అంతే.

ఫోనులో టర్మక్స్ వేయించి, అందులో ఎస్‌క్యూలైట్ తెప్పించాను. ల్యాబ్‌లో చేసిన పాల ఫైలునే ఫోనులో తెరిచాడు. నెట్ ఉన్నవాళ్లకు బ్రౌజర్‌లోనే నడిచేవీ ఉన్నాయి, ఎస్‌క్యూలైట్‌నే బ్రౌజర్‌లో నడిచేలా మార్చి పెట్టారు. రిలేషనల్ ఆల్జీబ్రాకు ఇన్స్‌బ్రుక్ విశ్వవిద్యాలయం వాళ్ల రిలాక్స్ ఉంది. సిగ్మా, పై గుర్తులతో రాస్తే జవాబు టేబుల్‌గా చూపిస్తుంది. ఆ రెండు వారాలూ దాన్ని ప్రొజెక్టర్ మీద నేనే నడుపుతాను. ఈఆర్ బొమ్మలకు మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ వద్దు, కాగితమూ పెన్సిలూ చాలు. గీసి చెరిపేటప్పుడే ఆలోచన నడుస్తుంది.

ఎస్‌క్యూలైట్ లోపాలు తెలిసీ దాన్ని వదలలేను. మిగతావన్నీ ల్యాబ్ తలుపు దగ్గర ఆగిపోతాయి, అదొక్కటే పిల్లవాడితో ఊరికి వెళుతుంది.

ఆగస్టు 9, శుక్రవారం

హెచ్‌ఓడీ మేడమ్‌కు కాగితం ఇచ్చాను. మొదటి నెల ఎస్‌క్యూలైట్, స్ట్రిక్ట్ టేబుళ్లతో, ఫారిన్ కీ ప్రాగ్మా రాసి ఉంచిన మొదలు ఫైలుతో. గ్రూప్ బై పాఠం దాంట్లో చెప్పను, అది పోస్ట్‌గ్రెస్ వచ్చేదాకా ఆగుతుంది. ఆ తర్వాతంతా పోస్ట్‌గ్రెస్, ఒక్క సర్వర్ మీద, డీబీవర్‌తో. అక్టోబరు చివర రెండు వారాలు ఒరాకిల్, ఒకే సిస్టమ్‌లో, పీఎల్/ఎస్‌క్యూఎల్ ప్రయోగాలకు.

మేడమ్ అంతా చదివి, "ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ఒరాకిల్‌లో చెయ్యమంటేనో?" అన్నారు. న్యాయమైన ప్రశ్న. తేడాలు ఎక్కడెక్కడ వస్తాయో పిల్లలకు ఒక పేజీ రాసిస్తానన్నాను: వర్చార్2, నంబర్, డ్యూయల్, ఖాళీ మాటను ఒరాకిల్ నల్‌గా లెక్కపెట్టడం, కమిట్ మర్చిపోతే ఏమవుతుందో. ఒక డేటాబేస్ సరిగ్గా వచ్చినవాళ్లకు ఆ పేజీ చాలు, ఈ మాట గట్టిగా నమ్మే చెప్పాను. మేడమ్ సంతకం పెట్టారు. ఎక్సాంప్ స్ట్రిక్ట్ మోడ్ సంగతి వెబ్ సార్ కాగితంలో అప్పటికే రాసి ఉందట.

ఇక పాల టేబుళ్ల స్క్రిప్టు పోస్ట్‌గ్రెస్‌కు మార్చాలి. టెక్స్ట్‌గా ఉన్న తేదీని డేట్ చెయ్యాలి, లీటర్లకూ ఫ్యాటుకూ న్యూమరిక్ పెట్టాలి, పూటకు ఉదయం, సాయంత్రం తప్ప వేరేది రాకుండా చెక్ రాయాలి. కన్‌స్ట్రెయింట్‌లన్నిటికీ నేనే పేర్లు పెడతాను, ఎర్రర్‌లో ఆ పేరు కనపడగానే పిల్లలకు విషయం తెలియాలి. రేపు రెండో శనివారం సెలవు, కూర్చుంటే అయిపోతుంది.